అబ్బా పాటల్లో మూడో గొంతు

కారియోకేలో 'డాన్సింగ్ క్వీన్' ఎత్తుకున్న మనిషి చాలాసార్లు రెండో లైనుకే తెల్లబోతుంది. పాట అందరికీ వచ్చినదే. శ్రుతి తప్పదు, తాళం తప్పదు. వెనక వాయిద్యాలు అచ్చం రికార్డులో ఉన్నట్టే మోగుతుంటాయి. అయినా రికార్డులో పాటని గాల్లోకి లేపిన ఆ ఊపు మాత్రం రాదు. లోపం ఆమె గొంతులో లేదు. ఆ వరస మొదట్నుంచీ ఒక్కరిది కాదు గనక అలా జరుగుతుంది. రికార్డులో ఇద్దరు ఆడవాళ్ళు దాదాపు పాటంతా ఒకే వరసని, ఒకే స్థాయిలో, కలిసి పాడతారు. వినేవాళ్ళకి మాత్రం ఒకే మనిషి పాడినట్టు ఉంటుంది. ఆ మనిషి ఎక్కడా లేదు.

స్వీడన్ బృందం అబ్బా పేరు ఎత్తగానే ఎవరైనా 'హార్మనీ' అంటారు. (తెలుగువాళ్ళం దెబ్బ తగిలినప్పుడు అనే 'అబ్బా'కీ దీనికీ చుట్టరికం లేదు. నలుగురి పేర్ల మొదటి అక్షరాలు కూరిస్తే వచ్చిన పేరిది. అదే పేరుతో అక్కడ చేపల డబ్బాల కంపెనీ ఒకటి ఉంటే, దాన్ని అడిగి మరీ పెట్టుకున్నారు.) హార్మనీ ఉన్న మాట నిజమే, పుష్కలంగానే ఉంది. కానీ ఈ బృందాన్ని మిగతా బృందాల నుంచి విడదీసే గుట్టు హార్మనీలో కంటే ముందు ఏకస్వరంలో ఉంది. ఇద్దరు వేర్వేరు స్వరాలు పట్టుకోవడం కంటే, ఇద్దరూ ఒకే స్వరాన్ని పట్టుకున్నప్పుడు ఏం జరుగుతుందన్న దాని మీదే ఈ కట్టడం నిలిచింది.

ముందు ఆ ఇద్దరి సంగతి. అగ్నేతా ఫాల్ట్‌స్కోగ్ 1950లో యాన్‌షోపింగ్‌లో పుట్టింది. టెలిఫోన్ స్విచ్‌బోర్డు దగ్గర పని చేస్తూ ఊళ్ళో డాన్సు బ్యాండుతో పాడేది. తాను రాసుకున్న పాటతోనే 1968 జనవరిలో, పదిహేడేళ్ళ వయసులో, స్వీడన్ హిట్ల జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఆమెది సొప్రానో, అంటే ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైస్థాయి. సన్నని అంచున్న, తేటైన గొంతు. పదం చివర కొద్దిగా చెమ్మ తగులుతుంది. ఫ్రీడా అని పిలిచే ఆన్నీ-ఫ్రీడ్ లింగ్‌స్టాడ్ 1945లో నార్వేలో పుట్టింది. పసితనంలోనే అమ్మమ్మతో స్వీడన్ చేరి ఎస్కిల్‌స్టూనా ప్రాంతంలో పెరిగింది. పదమూడేళ్ళకే డాన్సు బ్యాండులో పాడటం మొదలుపెట్టి, జాజ్ పాటల మీద సాధన చేసింది. 1967లో ఒక టాలెంట్ పోటీ గెలిచి టీవీకెక్కింది. ఆమెది మెజో సొప్రానో, అంటే సొప్రానో కంటే ఒక మెట్టు కింది గొంతు. కిందిస్థాయిలో నిండుగా, గుండ్రంగా, కాస్త చీకటి రంగులో ఉండే గొంతు. గమకం లాంటి కంపం కూడా ఆమెకే ఎక్కువ.

ఇద్దరి మధ్యా రక్తసంబంధం లేదు. పెరిగిన ఊరు వేరు, నేర్చుకున్న పాట వేరు. అక్కచెల్లెళ్ళో అన్నదమ్ములో గొంతు కలిపితే వచ్చే నునుపు వేరు. ఎవర్లీ సోదరుల పాటలు వింటే ఒకే గొంతుకి రెండు నీడలున్నట్టు ఉంటుంది. బీజీస్‌లో గిబ్ సోదరులు ముగ్గురూ అంతే. ఒకే ఇంటి ఉచ్చారణ, ఒకే రకం ముక్కూ గొంతుకా, అచ్చులు పలికే తీరూ ఒకటే. అక్కడ కలవడం సులువు. అగ్నేతా, ఫ్రీడాల గొంతులు అలా కలిసేవి కావు. కలవనివి కలిసినప్పుడు పుట్టేదే అబ్బా పాట.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పుకోవాలి. పాశ్చాత్య హార్మనీ అంటే, మన మాటల్లో, ఒకరు షడ్జమం మీద ఉండగా ఇంకొకరు అంతర గాంధారం మీదో పంచమం మీదో నిలవడం. షడ్జమానికి పంచమం 3:2 నిష్పత్తి, అంతర గాంధారం 5:4. తంబూరా శ్రుతిలో షడ్జమ పంచమాలు నిలకడగా మోగుతూ ఉండటం మన చెవికి అలవాటే. రెండు గొంతులు రెండు వేరు స్వరాల మీద జంటగా, అడుగులో అడుగు వేసుకుంటూ నడవడం మాత్రం మన సంప్రదాయంలో లేదు. మన సినిమా యుగళగీతాల్లో కూడా ఆయన ఒక లైను, ఆమె ఒక లైను. పల్లవి చివర ఇద్దరూ కలిసినా ఎక్కువగా ఒకే వరస మీదే, ఒకరు పైస్థాయిలో, ఒకరు కిందిస్థాయిలో. పాశ్చాత్య పాప్‌లో ఆ జంట నడక బడిలో గుణింతం లాంటిది. ఒకరు వరస పాడితే ఇంకొకరు రెండు మెట్ల పైన దాన్ని అనుసరిస్తారు. పియానో మీద ఈ గాంధారం స్వచ్ఛమైనదానికన్నా కాస్త ఎక్కువ పలుకుతుంది, అర్ధస్వరంలో దాదాపు ఏడో వంతు. వాయిద్యం లేకుండా పాడే మంచి గాయకులు తెలియకుండానే ఆ స్వచ్ఛమైన చోటికి జారుకుంటారు. అప్పుడు గొంతులు 'లాక్' అయ్యాయంటారు.

ఏకస్వరంలో వేరే విషయం జరుగుతుంది. సెకనుకు 440 కంపనాలున్న స్వరం ఒకరు, 442 ఉన్న స్వరం ఒకరు పాడారనుకుందాం. చెవి రెండు స్వరాలు వినదు. ఒకే స్వరాన్ని వింటుంది, కాకపోతే అది సెకనుకి రెండుసార్లు ఉబ్బి తగ్గుతూ ఉంటుంది. తంబూరాలో నడిమి రెండు తీగలూ ఒకే షడ్జమానికి కడతారు. అవి అచ్చుగుద్దినట్టు ఒకటి కావు గనకే ఆ నాదం ప్రాణంతో ఉంటుంది. పెళ్ళిలో సన్నాయి జంటగా ఊదడంలోనూ అదే మహిమ. రెండో సన్నాయి కొత్త స్వరమేదీ కలపదు, అయినా అది ఆగిపోతే పందిట్లో ఎవరో దీపం తగ్గించినట్టు ఉంటుంది. గొంతుల్లో ఇంకో పొర కూడా ఉంది. ఒకరి గొంతులో పై కంపనాలు బలంగా ఉంటే ఇంకొకరిలో కిందివి బలంగా ఉంటాయి. రెండూ కలిసినప్పుడు ఇద్దరిలో ఎవరికీ లేని రంగు వస్తుంది. అగ్నేతా ఇచ్చే అంచు, ఫ్రీడా ఇచ్చే బరువు కలిసి మూడో గొంతు అవుతాయి. అభిమానులు దశాబ్దాలుగా 'ఇద్దరిలో ఎవరు గొప్ప' అని తగవులాడుకుంటున్నారు గానీ, ఎక్కువ పాటల్లో పాడింది ఆ మూడో ఆవిడే.

'డాన్సింగ్ క్వీన్' 1976 ఆగస్టులో విడుదలైంది. వాయిద్యాల ట్రాకు అంతకు ఏడాది ముందే, 1975 ఆగస్టులో, 'బూగలూ' అనే తాత్కాలిక పేరుతో రికార్డయింది. బృందంలో వరసలు కట్టే ఇద్దరు మగవాళ్ళలో ఒకడు, ఫ్రీడాతో కలిసి ఉంటున్న బెన్నీ ఆ టేపు ఇంటికి తెచ్చి వినిపిస్తే, పాట ఇంకా లేని ఆ వాయిద్యాలు విని ఫ్రీడాకి కన్నీళ్ళొచ్చాయట. పాట కట్టడం తెలుగు చెవికి దగ్గరగా ఉండటం ఒక తమాషా. పాశ్చాత్య పాప్‌లో మామూలుగా చరణం ముందు, పల్లవి తర్వాత. ఇక్కడ పియానో మీద పైనుంచి కిందికి ఒక జారుడు, మాటల్లేని ఒక ఆలాపన, వెంటనే సగం పల్లవి! మన సినిమా పాటలా ఎత్తుగడే పల్లవి. చరణం ఆ తర్వాత గానీ రాదు. అది కొంచెం కింద స్వరాల్లో, మాటాడుకున్నట్టు నడుస్తుంది. అక్కడ కూడా ఇద్దరూ కలిసే ఉంటారు. ఫ్రీడా గొంతుకి అది హాయైన చోటు గనక చరణంలో ఆమె రంగు పైకి తేలుతుంది. పల్లవి పైకెక్కుతుంటే అగ్నేతా అంచు మెరవడం మొదలవుతుంది. గొంతు మారినట్టు తెలియదు, వెలుగు మారినట్టు తెలుస్తుంది. ఆ పైన, కింద, అవే గొంతులు మళ్ళీ రికార్డు చేసిన హార్మనీ పొరలు వచ్చి కూడతాయి. మధ్యలో ఉన్న ఆ దిట్టమైన ఏకస్వరం మాత్రం కదలదు. హార్మనీ దానికి అంచుచీరలో జరీ లాంటిది. ముందు బట్ట గట్టిగా ఉండాలి కదా.

ఆ బట్ట అంత గట్టిగా రావడంలో సౌండ్ ఇంజనీర్ మైకేల్ బి. ట్రెటో వాటా పెద్దది. అమెరికన్ నిర్మాత ఫిల్ స్పెక్టర్ మీద వచ్చిన పుస్తకం చదివి, స్పెక్టర్ ఒకే గదిలో బోలెడంతమంది వాయిద్యకారుల్ని కూర్చోబెట్టి సాధించే ఆ 'గోడ' లాంటి శబ్దం తనకీ కావాలనుకున్నాడు. అంతమందిని పిలిపించే డబ్బు స్టాక్‌హోమ్‌లో లేదు. 1973లో 'రింగ్ రింగ్' పాటకి ఒక ఉపాయం పన్నాడు. ఉన్న బ్యాండుతోనే ట్రాకు మొత్తం రెండుసార్లు వాయించి రికార్డు చేయడం, రెండోసారి టేపు వేగాన్ని వెంట్రుకవాసి మార్చడం. రెండు పొరల మధ్య శ్రుతిలో చిన్న తేడా వస్తుంది. ఆ తేడా వల్ల నలుగురు వాయిస్తే నలభైమంది వాయించినట్టు ఉబ్బుతుంది. గొంతుల విషయంలోనూ సూత్రం అదే: ఒకసారి పాడినదాని మీద మళ్ళీ, ఆపైన మళ్ళీ. అదే మనిషి అదే లైను రెండోసారి పాడినా అణువంత తేడా రాక తప్పదు. పాడటం యంత్రం పని కాదు కదా. అంతకు ఏడేళ్ళ ముందు లండన్‌లో బీటిల్స్ రెండోసారి పాడటానికి విసుక్కుంటుంటే, 1966లో ఏబీ రోడ్ ఇంజనీర్ కెన్ టౌన్‌సెండ్ టేపు యంత్రంతోనే ఆ రెండో పొరని తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. అబ్బా వాళ్ళు మాత్రం ఓపిగ్గా నిలబడి పాడారు. ఆ ఓపిక వినపడుతుంది.

ఇంకో విషయానికి అంత పేరు రాలేదు గానీ, అదీ ముఖ్యమే. పాటల ఎత్తు. బెన్నీ ఆండర్సన్, బ్యోర్న్ ఉల్వేయస్ వరసలు కట్టి, ఆడవాళ్ళ చేత వీలైనంత పైస్థాయిలో పాడించేవాళ్ళు. సొప్రానో అగ్నేతాకే అది పైమెట్టు. మెజో ఫ్రీడాకి ఇంకా కష్టం, తన స్థాయి చివరి అంచున నిలబడి పాడాల్సి వచ్చేది. హాయిగా పాడగలిగే చోట ఇద్దరి గొంతులూ బాగా వేరుగా వినపడతాయి. గొంతు బిగిసే ఆ పై అంచుకి వెళ్ళేసరికి ఫ్రీడా గుండ్రదనం కొంత కరిగి లోహపు మెరుపు వస్తుంది, అగ్నేతాకి దగ్గరవుతుంది. తేడా చెరిగిపోదు, చేతికందేంత దగ్గరకొస్తుంది. అబ్బా పాటల్లో వినిపించే ఆ సంతోషంలో ఒకరకమైన ఆరాటం, పైకి అందుకోబోతున్న చెయ్యిలాంటి బిగువు ఉండటానికి ఇది పెద్ద కారణం. అదే పాటని రెండు మెట్లు దించి పాడితే అన్ని స్వరాలూ సరిగ్గానే ఉంటాయి, ఆ బిగువే పోతుంది. పార్టీల్లో జరిగేది అదే, పాడేవాళ్ళకి సుఖంగా ఉండాలని శ్రుతి దించుతారు.

ఈ అమరిక మొదట్నుంచీ అనుకుని చేసింది కాదు. 1972లో వాళ్ళు నలుగురూ ఒక బృందంగా విడుదల చేసిన మొదటి పాట 'పీపుల్ నీడ్ లవ్' మీద బృందం పేరే లేదు. 'బ్యోర్న్, బెన్నీ, అగ్నేతా, ఆన్నీ-ఫ్రీడ్' అని వరసగా నలుగురి పేర్లూ వేశారు. మగవాళ్ళ పేర్లు ముందు. పాటలో కూడా మగగొంతులు, ఆడగొంతులు వంతులేసుకుని పాడతాయి. బ్యోర్న్ అప్పటికే హూటెనానీ సింగర్స్ అనే జానపద బృందంలో, బెన్నీ హెప్‌స్టార్స్ అనే రాక్ బ్యాండులో స్వీడన్‌కి బాగా తెలిసినవాళ్ళు. వాళ్ళే ముందు నిలబడటం అప్పటికి సహజం. 1973 నాటి మొదటి ఆల్బంలో మగవాళ్ళు ముందుండి పాడినవి చాలానే ఉన్నాయి. ఆడవాళ్ళు ముందుకొచ్చిన 'రింగ్ రింగ్', ఐరోపా దేశాల పాటల పోటీ యూరోవిజన్‌కి స్వీడన్‌లో జరిగిన ఎంపికలో మూడో స్థానంలో ఆగిపోయినా, జనం చెవికి ఎక్కింది మాత్రం అదే. మరుసటి ఏడాది 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో 'వాటర్‌లూ'తో యూరోవిజన్‌నే గెలిచినప్పుడు ముందు నిలబడి, కలిసి పాడింది ఆ ఇద్దరే. (ఆర్కెస్ట్రా నడిపించిన పెద్దమనిషి నెపోలియన్ వేషంలో వచ్చాడు. అది వేరే కథ.) మగవాళ్ళిద్దరూ అప్పట్నుంచి ఒక్కో అడుగూ వెనక్కి వెళ్ళారు. బెన్నీ ముందుండి పాడిన అబ్బా పాట ఒక్కటే, 1974 నాటి 'సూజీ హ్యాంగ్ ఎరౌండ్'. బ్యోర్న్ అప్పుడప్పుడూ పాడుతూనే వచ్చాడు. 1979లో 'డజ్ యువర్ మదర్ నో'లో ముందు గొంతు అతనిదే, ఆ పాటలో వంత ఆడవాళ్ళది.

వెనక్కి వెళ్ళినవాళ్ళు ఖాళీగా కూర్చున్నారనుకుంటే పొరపాటు. 1978లో సింగిల్‌గా వచ్చిన 'టేక్ ఎ చాన్స్ ఆన్ మీ' వాయిద్యం లేకుండా గొంతులతోనే మొదలవుతుంది. ఆడవాళ్ళు వరస పాడుతుంటే కింద మగవాళ్ళు ఆ పేరులోని మాటల్నే ముక్కలు చేసి, ట, క, చ మోత వచ్చేలా, ఆపకుండా దంచుతూ ఉంటారు. బ్యోర్న్‌కి ఆ లయ పరుగు తీస్తున్నప్పుడు తట్టిందట, అడుగుల చప్పుడులోంచి. అక్కడ మగగొంతు పాట కాదు, తాళవాద్యం. మృదంగం ముందు కూర్చుని నోటితో జతులు పలుకుతూ కొనగోలు చెప్పేవాళ్ళని విన్నవాళ్ళకి ఈ పని కొత్తగా తోచదు. 'సూపర్ ట్రూపర్'లో కూడా ఇలాంటి పెదవుల చప్పుడే ఉంది, పాట పేరులోని 'ప' అక్షరాన్ని పదేపదే పగలగొట్టి. 'నోయింగ్ మీ, నోయింగ్ యూ'లో ఫ్రీడా వరస పాడుతుంటే పల్లవిలో మగగొంతులు బదులిస్తాయి. భార్యాభర్తలు విడిపోయే పాటలో మగగొంతు ఎదురుగా నిలబడి వాదించకుండా, వెనకనుంచి ఖాళీ గదిలో ప్రతిధ్వనిలా రావడం ఎంత సరిపోయిందో!

ఇక సోలో పాటల సంగతి చూస్తే, ఎవరికి ఏ పాట అన్న నిర్ణయం వెనక లోకజ్ఞానం ఉంది. ఫ్రీడాకి కథలు చెప్పే పాటలు, కొంచెం నాటకమున్న పాటలు ఇచ్చారు: 'మనీ మనీ మనీ', 'ఫెర్నాండో'. 'ఫెర్నాండో' అసలు 1975లో ఆమె స్వీడిష్ సోలో ఆల్బంలో వచ్చిన పాట. తర్వాత ఇంగ్లీషు సాహిత్యం వేరే కథతో రాసి అబ్బాకి తెచ్చుకున్నారు. చరణంలో ఆమె కిందిస్థాయి వినాలి, చలిమంట పక్కన కూర్చుని పాత సంగతులు తవ్వుకుంటున్నట్టు ఉంటుంది. పల్లవిలో అగ్నేతా వచ్చి కలిసేదాకా మంట అంటుకోదు. అగ్నేతాకి గుండె పగిలే పాటలు. 1975 నాటి 'ఎస్ ఓ ఎస్'లో చరణం ఆమె ఒక్కతే, విషాదపు శ్రుతిలో, దాదాపు ఊపిరి వినపడేంత దగ్గరగా పాడుతుంది. పల్లవికి రాగానే శ్రుతి వెలుగు వైపు తిరుగుతుంది, గొంతులు పెరుగుతాయి. ఒంటరిగా ఏడుస్తున్న మనిషి చుట్టూ ఒక్కసారిగా జనం చేరినట్టు ఉంటుంది. ఆ జనం కూడా చాలావరకు ఆమే, ఇంకా ఫ్రీడా. హెడ్‌ఫోన్స్‌తో ఒకసారి ఆ మలుపు దగ్గర ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ వింటే అబ్బా పద్ధతి మొత్తం ఆ పది సెకన్లలో దొరికిపోతుంది. 1979 నాటి 'చికీటీటా'లో మలుపు ఇంకా మెత్తనిది. అగ్నేతా కొన్ని పంక్తులు ఒంటరిగా పాడాక ఫ్రీడా వచ్చి జంట స్వరం పడుతుంది. పాటలో ఒక స్నేహితురాలు ఇంకో స్నేహితురాలిని ఊరడిస్తుంది. ఊరడింపు మాటల్లో ఉన్నదానికంటే ఆ రెండో గొంతు రావడంలోనే ఎక్కువ ఉంది.

మిగతా బృందాలు ఈ పనిని వేరేగా పంచుకున్నాయి. కాలిఫోర్నియా బీచ్ బాయ్స్‌లో ముగ్గురు అన్నదమ్ములు, ఒక బంధువు, ఒక స్నేహితుడు. ఒక్కొక్కరికీ నిచ్చెనలో ఒక మెట్టు, అడుగున మైక్ లవ్, కొసన బ్రయన్ విల్సన్ దొంగగొంతు. ఫోర్ ఫ్రెష్‌మెన్ అనే బృందం రికార్డులు పియానో ముందు పెట్టుకుని, ఒక్కో పొరనీ విడదీసి నేర్చుకున్నాడు బ్రయన్. క్వీన్‌లో ఫ్రెడ్డీ మెర్క్యురీ, బ్రయన్ మే, రోజర్ టేలర్ ముగ్గురే 1975లో ఒక ఒపేరా బృందాన్ని టేపు మీద నిర్మించారు. అందులో అన్నిటికన్నా పై కేకలు డ్రమ్మరు టేలర్‌వి. కొరియన్ పాప్‌లో ఇది ఉద్యోగ హోదా దాకా వెళ్ళింది: మెయిన్ వోకలిస్ట్, లీడ్ వోకలిస్ట్, సబ్ వోకలిస్ట్. లీడ్ అంటే పెద్ద అనుకుంటాం గానీ అక్కడ మెయినే పెద్ద. బీటీఎస్‌లో ఏడుగురుంటే ముగ్గురు ర్యాపర్లు, నలుగురు గాయకులు. పాటలో ఎవరికి ఎన్ని సెకన్లు వచ్చాయో అభిమానులు లెక్కపెట్టి దెబ్బలాడుకుంటారు. సెకన్ల లెక్క అబ్బాకి వేస్తే తేలదు. ఇద్దరూ ఒకే సెకనులో ఉంటే ఎవరి ఖాతాలో వేస్తారు?

తెలుగువాళ్ళకి వీటన్నిటికంటే దగ్గరి పోలిక బుర్రకథ. తంబూర పట్టుకున్న కథకుడు మధ్యలో, అటూ ఇటూ ఇద్దరు వంతలు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. వంత ఒక్క గుక్క ఆలస్యమైతే కథకుడి ఊపిరి అయిపోతుంది. తెలుగులో 'వంత పాడటం' అనే మాటకి తలూపడం, భజన చేయడం అనే చెడ్డ అర్థం ఎలా అంటుకుందో గానీ, పాట తెలిసినవాళ్ళు ఆ మాట అలా వాడరు.

ఈ పద్ధతికి ఒక ఖరీదు కూడా ఉంది. స్టూడియోలో పొరమీద పొర వేసిన గొంతుల్ని నలుగురు మనుషులు వేదిక మీద చూపించలేరు. అబ్బా పెద్ద పర్యటనలు చాలా తక్కువ, 1977లో ఐరోపా, ఆస్ట్రేలియా, 1979లో ఉత్తర అమెరికా, ఐరోపా, 1980లో జపాన్. వాటిలోనూ పక్కన అదనపు గాయనులు ఉండాల్సి వచ్చింది. 1978లో స్టాక్‌హోమ్‌లో పాత సినిమా హాలు ఒకదాన్ని మార్చి పోలార్ స్టూడియో కట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. వాళ్ళ అసలు వేదిక అదే. 1999లో లండన్‌లో 'మమ్మా మియా!' సంగీత నాటకం కట్టినవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉండాలి. అందులో 'డాన్సింగ్ క్వీన్'ని కథానాయిక ఒక్కదానికే ఇవ్వకుండా ముగ్గురు స్నేహితురాళ్ళ చేత పాడించారు.

రెండో గొంతు ఎంత పని చేసిందో తెలియాలంటే దాన్ని కావాలని ఆపేసిన పాటలు వినాలి. 1980 నాటి 'ద విన్నర్ టేక్స్ ఇట్ ఆల్' రెండే రెండు చిన్న వరసల మీద కట్టిన పాట. అవే మళ్ళీ మళ్ళీ తిరుగుతూ దాదాపు అయిదు నిమిషాలు నడుస్తాయి. వేరే మలుపు ఏదీ లేదు. అటువంటి పాటలో మార్పు తేవాల్సిన బరువంతా పాడేవాళ్ళదే. సాహిత్యం రాసింది బ్యోర్న్, పాడింది అగ్నేతా. ఆ భార్యాభర్తలిద్దరూ అప్పటికే విడిపోయారు. అది తమ కథే కాదని బ్యోర్న్ తర్వాత చెబుతూ వచ్చాడు. వినేవాళ్ళు నమ్మడం మానేశారు, అది వేరే విషయం. పాట పరంగా చూడాల్సింది ఇంకొకటి. మొదట పియానో, ఒక గొంతు. పాట పెరిగేకొద్దీ వెనక గొంతులు అల్లుకుంటాయి, వరస మాత్రం ఆమె ఒక్కర్తిదే. ఇన్నాళ్ళూ పక్కన నిలబడి అదే స్వరం పట్టుకున్న మనిషి ఈసారి పట్టుకోదు. చివరి చరణంలో వాయిద్యాలు తగ్గి ఆమె గొంతు దాదాపు మాటలా పలుకుతుంది. అలవాటైన ఆ మూడో గొంతు రాకపోవడమే అక్కడి విషాదం.

రెండేళ్ళ తర్వాత, 1982లో, బృందం చెదిరిపోయే ముందు వచ్చిన 'ద డే బిఫోర్ యూ కేమ్' ఇంకా ముందుకెళ్ళింది. ఒక సామాన్యమైన ఉద్యోగిని తన రోజువారీ పనులు ఏకరువు పెడుతుంది: రైలు, ఆఫీసు, భోజనం, టీవీ. అగ్నేతా దాన్ని ఏ నగిషీ లేకుండా, డైరీ చదువుతున్నట్టు పాడుతుంది. వెనక ఎక్కడో, చాలా పైన, మాటల్లేకుండా ఒపేరా ధోరణిలో ఆలపిస్తున్నది ఫ్రీడా. రెండు గొంతులూ ఒకే పాటలో ఉన్నాయి, ఒక్కచోట కూడా వరస కలవదు. పదేళ్ళపాటు భుజం భుజం రాసుకుంటూ నడిచినవాళ్ళు ఇప్పుడు ఒకరు నేల మీద, ఒకరు మేడ మీద. ఆ కాలపు శ్రోతలు ఈ పాటని పెద్దగా పట్టించుకోలేదు. డాన్సు చేయడానికి పనికిరాదు, కలిసి పాడటానికి చోటే లేదు. ఇప్పుడు వింటే వాళ్ళు చేసినవాటిలో అన్నిటికన్నా తెగువ ఉన్న పని అదేననిపిస్తుంది.

తర్వాత నలభై ఏళ్ళ దాకా కొత్త ఆల్బం లేదు. 2018లో మళ్ళీ రికార్డు చేశామని ప్రకటించి, 2021 నవంబరు 5న 'వోయేజ్' విడుదల చేశారు. అప్పటికి అగ్నేతాకి 71, ఫ్రీడాకి 75. ఆ వయసులో ఏ గొంతైనా దిగుతుంది, వీళ్ళవీ దిగాయి. ముందే బయటపెట్టిన రెండు పాటల్నీ ఇద్దరికీ చెరొకటి పంచారు. 'డోంట్ షట్ మీ డౌన్' అగ్నేతాది, 'ఐ స్టిల్ హావ్ ఫెయిత్ ఇన్ యూ' ఫ్రీడాది. రెండోది తాపీగా, చాలా కిందిస్థాయిలో మొదలవుతుంది. ఫ్రీడా గొంతులో పాత గుండ్రదనం ఉంది, చుట్టూ కాస్త ఇసుక చేరింది. ఆమె ఒక్కతే చాలాసేపు నడుస్తుంది. పల్లవి ఎత్తుకునే దగ్గర అగ్నేతా వచ్చి కలుస్తుంది. ఎత్తు తగ్గింది, అంచు కొంత అరిగింది. అయినా రెండు గొంతులూ ఒక్క స్వరం మీద పడిన ఆ క్షణం నుంచి పాడుతున్నది ఫ్రీడాలా వినపడదు, అగ్నేతాలా కూడా వినపడదు.